డ్రైవర్‌కు గడ్డపెరుగు పెట్టిన రోజు

దూర ప్రయాణంలో నిద్ర రాకుండా కొందరు లవంగం నములుతారు, కొందరు పాటల మోత పెంచుతారు. మాదన్నపేటలో మా గల్లీవాళ్లు మాత్రం డ్రైవర్ పక్క సీట్లో నన్ను కూర్చోబెడతారు. నేను అబద్ధాలు చెబుతాను, డ్రైవర్ పట్టుకుంటాడు. పట్టుకున్నంతసేపు మెలకువగా ఉన్నట్టే లెక్క.

మా అక్క కొడుకు నిశ్చితార్థానికి కర్నూలు బయలుదేరినప్పుడూ అదే ఏర్పాటు. ముహూర్తం మధ్యాహ్నం రెండింటికి. మాది పాల వ్యాపారం. బర్రెల పాలు పిండి, వాడికె ఇళ్లకు పోసి, తొమ్మిదింటికి వ్యాన్ ఎక్కాం. డ్రైవర్ జల్‌పల్లి కుర్రాడు. రాత్రంతా విమానాశ్రయం కిరాయిలు తిప్పి, రెండు గంటలే పడుకుని వచ్చానని ఎక్కగానే నాతో చెప్పాడు.

జడ్చర్ల దాకా బండి హాయిగా సాగింది. మా బర్రె తప్పిపోయి చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ముందు కూర్చుందని, దుకాణంవాడు దాని కొమ్ములకు రెండు డజన్లు తొడిగాడని చెప్పాను.

"ఏందన్నా, కొమ్ములకు గాజులెక్కుతయా? వంకర గదా," అన్నాడు డ్రైవర్. మంచిదే, మెలకువగా ఉన్నాడు.

తప్పు ఆ తర్వాత జరిగింది. పాలవాళ్లం కదా, మా చేతి అన్నం తిన్న మనిషి ఎవరైనా పెరుగు తక్కువైందంటే మాకు పరువు తక్కువ. చెట్టు నీడన బండి ఆపి సద్ది విప్పగానే అక్క డ్రైవర్ పళ్లెంలో అన్నం మీద గడ్డపెరుగు పోసింది. చాలన్నా వినలేదు, రెండోసారి పోసింది. కత్తితో కోస్తే ముక్కలయ్యే పెరుగు అది. ఇది మాత్రం అబద్ధం కాదు.

మళ్లీ బయలుదేరాం. ఎండ రోడ్డు మీద తెల్లగా పరుచుకుంది. వెనక సగం మంది కునుకు తీస్తున్నారు. నేను కథ అందుకున్నాను. ఆ బర్రె గాజులతోనే చార్మినార్ మెట్లన్నీ ఎక్కి, పైన నిలబడి నాలుగు లీటర్లు ఇచ్చిందన్నాను.

"అవునన్నా," అన్నాడు.

ఈసారి అబద్ధాన్ని పట్టుకోలేదు. అతని వైపు తిరిగి చూశాను. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ బండి మెల్లగా ముందున్న లారీ వైపు జరుగుతోంది. భుజం పట్టి కుదిపాను. ఉలిక్కిపడి స్టీరింగ్ సరిచేసి, ఏం కాలేదన్నా, మంచిగనే ఉన్నానన్నాడు. బండి ఆపాలి, ఇతను కళ్లు తెరిచి నిద్రపోతున్నాడని వెనక్కి తిరిగి చెప్పాను. బావ గడియారం చూపించాడు. పెళ్లికూతురి తాత ముహూర్తం దాటితే ఊరుకునే మనిషి కాదట.

"నీ నోట్లకెళ్లి నిజమెన్నడొచ్చిందిరా? సప్పుడు చేయకుండ కూసో," అంది అక్క.

నలభై ఏళ్లుగా చెప్పిన అబద్ధాలన్నీ ఒక్కసారిగా నా ఎదురుగా నిలబడ్డాయి. పన్నెండు మంది ప్రాణాలు బండిలో ఉన్నాయి, నా నిజానికేమో గిరాకీ లేదు. అందుకే నాకు చేతనైన పనే చేశాను. వెనక టైరు నుంచి పొగ వస్తోందని అరిచాను.

అబద్ధాన్ని అందరూ వెంటనే నమ్మారు. బండి పక్కకు ఆగింది, బిలబిలమని దిగారు. నేను తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను. బావ టైరు చుట్టూ మూడుసార్లు తిరిగి, పొగ ఏదని నిలదీశాడు. అక్క టైరును కాలితో తన్ని, నన్ను కూడా తన్నాలన్నట్టు చూసి, డ్రైవర్‌ను అడుగుదామని వెళ్లింది.

అతను రోడ్డు పక్క వేపచెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్న క్షణంలోనే నిద్రపోయినట్టున్నాడు, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. అక్క రెండుసార్లు పిలిచింది. కదల్లేదు. ఆమె వ్యాన్ వైపు, అందులోంచి దిగి నిలబడ్డ కొడుకు వైపు చూసింది. తర్వాత కొంగుతో డ్రైవర్ ముఖం మీద ఈగలు తోలుతూ అక్కడే కూర్చుంది. బావ మళ్లీ గడియారం చూపిస్తే, "ఆగుండ్రి, డ్రైవర్ తమ్ముడు లేస్తడు," అంది.

అరగంట తర్వాత లేచాడు. ముఖం కడిగించి, చాయ్ తాగించి బయలుదేరాం. కర్నూలు చేరేసరికి రెండున్నర. తాత గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే అక్క ముందుకొచ్చింది.

"టైరు పేలింది బాపు. జాకీ లేదు. మా తమ్ముడే ఒంటిచేత్తోని బండి లేపి పట్టిండు."

అందరూ నా చేతుల వైపు చూశారు. నా చేతులు సన్నగా పొట్లకాయల్లా ఉంటాయి. జీవితంలో మొదటిసారి ఇంకొకరి అబద్ధాన్ని కాపాడటానికి వాటిని వీపు వెనక దాచుకున్నాను.

తిరుగు ప్రయాణంలో డ్రైవర్ రెండు ఇడ్లీలు మాత్రమే తిన్నాడు. పెరుగు గిన్నెను అక్క తన ఒళ్లోనే పెట్టుకుంది. నన్ను ముందు సీట్లోకి తోసి, "బర్రె చార్మినార్ మీదికెక్కింది గదా, ఎట్ల దిగిందో చెప్పు," అంది.