రంగి పళ్ళు లెక్కపెట్టిన రోజు

మా ఇంట్లో ఈ కథ చెప్పే పద్ధతి ఒకటుంది. అది తప్పు. మొన్న నందిగామలో మా తమ్ముడింట్లో, వాడి కూతురు ముచ్చటపడి తెచ్చుకున్న ఐదు నెలల ఆడకుక్కపిల్లకి టీకా వేయడానికి వచ్చిన డాక్టరమ్మ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఉద్దేశం ఉంటే ఎప్పుడన్నది ఇప్పుడే అనుకోండి అన్నదో లేదో, మా తమ్ముడు కుర్చీ ముందుకు లాక్కుని ఆ పాత కథ మొదలెట్టాడు. మా నాయనమ్మ పాతకాలం మనిషట. ఒక్క ఈతైనా ఈనకపోతే ఆడజన్మకి అర్థమేముందని భీష్మించుకుని కూర్చుని, ఆపరేషన్ చేస్తానన్న డాక్టరు మాట కాదని, బంగారంలాంటి కుక్కని చేజేతులా చంపుకుందట. అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా మర్యాదకి నవ్వి, "అప్పట్లో అలాగే అనుకునేవాళ్ళు లెండి ఆంటీ" అని నావైపు చూసింది. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను. నోరున్నదాన్నని, పెళ్ళివారి పందిట్లోనైనా సరే తప్పుని తప్పనే అంటానని మా బంధువుల్లో నాకు పేరు. ఆ నోరు ఈ ఒక్క కథ దగ్గర మాత్రం ఎప్పుడూ పెగల్లేదు.

మా తమ్ముణ్ణి అనడానికి లేదు. అప్పుడు వాడికి ఏడేళ్ళు. నాయనమ్మ తన నోటితో తాను చెప్పుకున్నదే వాడు విన్నాడు, విన్నదే చెబుతున్నాడు. జరిగింది వేరు. జరిగింది నాకు తెలుసు, మా నాన్నకి తెలుసు, నాయనమ్మకి తెలుసు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు కాబట్టి చెప్పవలసింది నేనే.

జగ్గయ్యపేటలో మాది వ్యవసాయపు ఇల్లు. నల్లరేగడి చేలు, మిరప, జొన్న, రెండు జతల ఎడ్లు, మూడు గేదెలు. నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో పశువున్న ఇంట్లో పశువు వయసు నోట్లో ఉండేది. అమ్మేవాడు ఒట్టేసి చెప్పినా మా నాన్న వినేవాడు కాదు. మూతి పట్టుకుని, పెదవి పైకెత్తి, పాలపళ్ళు ఎన్ని రాలాయో, పెద్దపళ్ళు ఎన్ని వచ్చాయో చూసి, అప్పుడు మాట్లాడేవాడు. కోడెదూడకి విత్తులు నొక్కించి ఎద్దుని చేయాలన్నా పళ్ళే ప్రమాణం. మరీ లేతలో చేయిస్తే మెడ పెరగదు, కాడి మోయలేదు. మరీ ముదిరాక చేయిస్తే మాట వినదు. రెండు పళ్ళ మీదా, నాలుగు పళ్ళ మీదా అని మా అరుగు మీద పెద్దమనుషులు సాయంత్రాలకి సాయంత్రాలు వాదించుకుంటుంటే గుంజకి కట్టేసిన ఆ కోడె మాత్రం తన పాటికి తాను నెమరేసుకుంటూ ఉండేది. పెయ్యల సంగతీ అంతే. రెండు పళ్ళేస్తే చూలుకి సిద్ధం. నేను పలకమీద అంకెలు దిద్దకముందే దూడ నోట్లో పళ్ళు లెక్కపెట్టడం నేర్చుకున్నాను, ఆ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

రంగిని మా నాన్న గరికపాడు దగ్గర లారీలు ఆగే చోటునుంచి తెచ్చాడు. ఎర్రమట్టి రంగులో, గుప్పెడంత ఉండేది. ఇంట్లో పెంటికుక్క ఎందుకని అందరూ అన్నారు గానీ నాయనమ్మ ఒడిలోంచి దించలేదు. అంతకుముందు ఉన్న కుక్క ఏటా రెండుసార్లు ఈనేది. ఈనినప్పుడల్లా ఆ పిల్లల్ని గోనెసంచీలో వేసి పాలేటి అవతలి గట్టున వదిలి రమ్మని మనిషిని పంపేవాళ్ళు. సంచీ వెళ్ళిన పూట నాయనమ్మ అన్నం ముట్టేది కాదు. తల్లికుక్క మూడు రోజులు పెరడంతా వాసన చూస్తూ తిరుగుతుంటే ఆవిడ దాని వెనకాలే తిరుగుతూ ఏదో చెప్పేది. ఏం చెప్పేదో నేనెప్పుడూ వినలేదు, వినాలనీ అనిపించలేదు.

ఇప్పుడు వినండి అసలు సంగతి. ఆపరేషన్ మాట మా ఇంట్లో మొట్టమొదట ఎత్తింది ఆ పాతకాలం మనిషే. ఆ వానాకాలంలో పశువులకి టీకాలు వేయడానికి నందిగామ పశువుల ఆస్పత్రి నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు చిల్లకల్లులో మకాం పెడితే, గేదెల్ని తోలుకెళ్ళిన మా నాన్న వెంట తనూ వెళ్ళి, కుక్కలకి పిల్లలు పుట్టకుండా చేసే వైద్యం ఏదన్నా ఉందా బాబూ అని అడిగింది. ఆయన నవ్వకుండా, ఉందండి మామ్మగారూ, ఆరేడు నెలలు నిండాక, మొదటిసారి ఎదకు రాకముందే నందిగామ తీసుకురండి, నేను చేస్తాను అన్నాడట. ఆవిడ ఇంటికొచ్చి రంగికి అప్పటికి నిండిన నెలలకి గోడమీద బొగ్గుతో గీతలు గీసి, ఆపైన నెలకో గీత చేర్చడం మొదలెట్టింది. ఏడో గీత పడేసరికి దసరా సెలవులొచ్చాయి. గుంటూరులో పి.యు.సి. చదువుతున్న నేను ఇంటికొచ్చాను.

మా వీధిలో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్లని నేను. ఆ గర్వం నెత్తిమీద కొప్పులా పెట్టుకుని తిరిగేదాన్ని. మాకు జంతుశాస్త్రం చెప్పే మేడమ్ ఉండేది. ఆవిడ నన్ను చూసి ఒక్కసారి తలూపితే ఆ రోజంతా అన్నం అక్కర్లేకపోయేది. ఆవిడ ఒకరోజు క్లాసులో మాటవరసకి, మా ఇంటికో మంచి నాటు కుక్కపిల్ల కావాలర్రా, ఎక్కడా దొరకడం లేదు అంది. నేను లేచి నిలబడి, మా ఇంట్లో ఉంది మేడమ్, అది ఈనగానే మొదటి పిల్ల మీకే అన్నాను. అప్పటికి రంగి తనే పిల్ల. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ, వచ్చే మంగళవారం రంగిని నందిగామ తీసుకెళుతున్నామని చెప్పింది. మేడమ్‌కి ఏం చెప్పాలి? అదీ నా బాధ. కుక్క కాదు, నాయనమ్మ కాదు. కానీ అలా అంటే ఎవరు వింటారు? అందుకని శాస్త్రం ఎత్తాను. ఆడజంతువు ఒక్కసారైనా కనకుండా ఆపరేషన్ చేయిస్తే రోగాల పుట్ట అవుతుందనీ, మా పుస్తకంలో ఉందనీ చెప్పాను. మా పుస్తకంలో కప్ప ఉంది, బొద్దింక ఉంది, వానపాము ఉంది. కుక్క గురించి ఒక్క ముక్క లేదు. అయినా పుస్తకం అన్న మాటకి మా నాన్న మెత్తబడ్డాడు. నాయనమ్మ మెత్తబడలేదు.

"డాక్టరు చదివింది పుస్తకం కాదటే? ఆయన ఎదకు రాకముందే తెమ్మన్నాడు" అంది.

"ఆయన పట్నం లెక్క చెప్పాడు. మనం మన లెక్క చూసుకోవద్దా?" అని నేను రంగిని ఒళ్ళోకి లాక్కుని, పశువుకి ఎత్తినట్టే పెదవి ఎత్తి నాన్నకి చూపించాను. పాలపళ్ళు ఒక్కటి లేవు. తెల్లగా, గట్టిగా, అన్నీ పెద్దపళ్ళే. "చూడు నాన్నా, నోరంతా పెద్దపళ్ళే నిండాయి. పెయ్యకి రెండు పళ్ళొస్తేనే నువ్వు చూలు కట్టిస్తావే, దీనికి అన్నీ వచ్చాయి. ఇంకా పసిదేమిటి?"

నాన్న వంగి, కళ్ళజోడు సవరించుకుని, ఒకటికి రెండుసార్లు చూశాడు. నలభై ఏళ్ళు పళ్ళని తప్ప మరి దేన్నీ నమ్మని మనిషి. "నిజమేనే అమ్మా, ముదిరింది" అన్నాడు వాళ్ళమ్మతో.

నాయనమ్మ రంగి నడుము మీద చెయ్యేసి, "కుక్క పశువు కాదురా. పళ్ళు దానికి తొందరగా వస్తాయి. నడుం చూడు, నా పిడికిట్లో పడుతుంది. దీనికి ఒళ్ళింకా రాలేదు. ఈ వయసులో మోయలేదు" అంది.

అక్కడ నేను ఆగాలి. ఓడిపోతున్నానని తెలిసినప్పుడు ఆగడం నాకు ఈనాటికీ చేతకాదు, ఆనాడు అసలే చేతకాదు. "నీకు పన్నెండేళ్ళకే పెళ్ళయిందిగా నాయనమ్మా! నువ్వు మోయలేదా? గుండ్రాయిలా ఉన్నావుగా ఇప్పటికీ" అన్నాను.

అన్నాక నేనే నవ్వాను. నాన్న నవ్వలేదు. తల దించుకుని కండువా దులుపుకున్నాడు. నాయనమ్మ రంగి మీదనుంచి చెయ్యి తీసింది, లేచింది, గేదెలకి చిట్టు కలపడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత రంగి ఊసు ఎత్తలేదు. మంగళవారం మామూలుగా వచ్చింది, మామూలుగా పోయింది. నా శాస్త్రం ముందు ఆవిడకి జవాబు లేకపోయిందని నేను మురిసిపోయాను. గుంటూరు వెళ్ళి మేడమ్‌తో, ఇంకో మూడు నెలల్లో మేడమ్ అని చెప్పాను కూడా.

కార్తీకంలో రంగి ఎదకొచ్చింది. పుష్యంలో, నేను నాలుగు రోజుల సెలవుకి ఇంటికొచ్చిన వేళకి, దాని కడుపు నేలకి రాసుకుంటోంది. ఒళ్ళు మాత్రం అలాగే సన్నగా ఉంది. కప్పని మింగిన పాములా ఉందని నేను హాస్యమాడాను. మర్నాడు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఆ పగలు గడిచింది, ఆ మర్నాడు పొద్దునకీ పిల్ల రాలేదు. అరవడం కూడా మానేసింది. వడ్లకొట్టు మూలన పడుకుని, నాయనమ్మ ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పుతోంది. నాయనమ్మ ఇక ఎవర్నీ అడగలేదు. పాత చీరలో చుట్టి చంకనెత్తుకుని బస్సుల దగ్గరికి నడిచింది. వెనక నాన్న, ఆయన వెనక నేను.

బస్సులో కండక్టరు, "కుక్కకి టిక్కెట్టు లేదమ్మా" అన్నాడు.

"లేకపోతే అడగమాకు. జరుగు" అని ఆవిడ ముందు సీట్లో కూర్చుంది.

చిల్లకల్లు దాటేదాకా రంగి ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది. నందిగామలో ఆ కుర్ర డాక్టరు చూడగానే బల్లమీద పడుకోబెట్టించి, చేతులు కడుక్కుంటూ, పిల్ల అడ్డం తిరిగింది, లోపలే చచ్చి చాలాసేపయింది, ప్రయత్నిస్తాను గానీ మాటివ్వలేను అన్నాడు. అరగంట పట్టిందో గంట పట్టిందో నాకు తెలియదు. ఆయన బయటికొచ్చి తల అడ్డంగా ఊపి, చిన్నవాడు కదా, కోపం దాచుకోలేక, "ఏడో నెలలో తెమ్మని చెప్పాను కదండీ. ఎవరాపారు మిమ్మల్ని? దాని ఒళ్ళు చూస్తే తెలియడం లేదా?" అన్నాడు.

నా నోరు తెరుచుకుంది. తెరుచుకుందని నాకు బాగా గుర్తు, ఇది నన్ను నేను సమర్థించుకోవడానికి చెప్పడం లేదు, ఎందుకంటే మాట రాలేదు. అంతలో నాయనమ్మ, "నేనేనండి. ముసలిదాన్ని. ఒక్క ఈత ఈననీయమని పట్టుబట్టా" అంది. డాక్టరు ఆవిడ వంక చూసిన చూపు నేను మర్చిపోలేదు. చదువులేని మనుషుల్ని చదువుకున్నవాళ్ళు చూసే చూపు. దసరాల్లో నేను ఆవిడ వంక చూసింది కూడా ఆ చూపే.

రంగిని అక్కడే, మునేటి గట్టు వైపు పాతిపెట్టి, తిరుగు బస్సెక్కాం. నాయనమ్మ ఖాళీ చీర మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. వెనక సీట్లో నా పక్కన నాన్న కిటికీలోంచి చూస్తూ, నావైపు తిరగకుండానే అన్నాడు. "నాకంటే ముందొకతి ఉండేదే. ఆడపిల్ల. అమ్మకి పదమూడేళ్ళు అప్పుడు. రెండు రోజులు నొప్పులు పడిందట. పిల్ల దక్కలేదు." అంతే. నన్ను తిట్టలేదు. తిడితే నేను ఎదురు వాదించి ఉండేదాన్ని, అది ఆయనకీ తెలుసు.

ఇంటికి రాగానే ఇరుగుపొరుగు అడిగితే నాయనమ్మ డాక్టరుకి చెప్పిన మాటే చెప్పింది. మళ్ళీ అడిగినవాళ్ళకి మళ్ళీ చెప్పింది. చెప్పగా చెప్పగా అదే కథ అయింది. నాన్న దిద్దలేదు. నేను దిద్దలేదు. గుంటూరులో మేడమ్ దగ్గరికి వెళ్ళి, కుక్కపిల్ల రాలేదు మేడమ్, తల్లి చచ్చిపోయింది అంటే, ఆవిడ ఏ కుక్కపిల్లా అని అడిగింది. దానికోసం నేను ఇంత చేశాను.

ఆ తరవాత నాయనమ్మ పదేళ్ళు బతికింది. నా పెళ్ళి చేసింది, నా కాన్పులకి నీళ్ళు పోసింది. మొదటి కాన్పప్పుడు నా నడుం చుట్టూ గుడ్డ బిగిస్తుంటే, చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. నొప్పులని వంక పెట్టుకుని మింగేశాను. క్షమాపణ అడగడం మా తరానికి రాదు అంటారు. అదీ అబద్ధమే. మా తరం కాదు, నేను.

మొన్న తమ్ముడింట్లో ఆ డాక్టరమ్మ కుక్కపిల్ల నోరు తెరిచి పళ్ళు చూసింది, వయసుకి అది సరే అంది. తరవాత వెన్ను మీదా నడుము మీదా చెయ్యేసి నిమిరి, పళ్ళొచ్చాయని తొందరపడక్కర్లేదండి, ఇది పెద్ద జాతి, ఎముక గట్టిపడాలి, ఒళ్ళు చూసి చెబుతాను, కానీ ఎదకొచ్చినా ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టించకండి అంది. మా మేనకోడలు బుద్ధిగా కాగితం మీద రాసుకుంది. ఇప్పటి పిల్లలు అడుగుతారు, రాసుకుంటారు, తెలియదంటే తెలియదని చెబుతారు. కుక్కకైనా మనిషికైనా వయసెంతో కాదు, ఒళ్ళు మోయగలదా లేదా అని అడిగే రోజులు వచ్చాయి. నాయనమ్మ అడిగింది కూడా అదే. అడిగినప్పుడు ఎదురుగా నేను కూర్చుని ఉన్నాను.

వచ్చే ఆదివారం నేను మళ్ళీ నందిగామ వెళ్ళి మా తమ్ముడికి జరిగింది జరిగినట్టు చెబుతాను. వాడు నమ్మకపోవచ్చు. నమ్మించడం నాకు కొత్త కాదు. నాకు అంతుపట్టనిది వేరే ఉంది. ఆ రోజు ఆస్పత్రిలో ఆ తప్పు ఆవిడ తన నెత్తిన వేసుకున్నది నన్ను కాయడానికేనా, లేక నా మాటకి నొచ్చుకుని, రంగి మీదనుంచి చెయ్యి తీసేసి లేచిపోయినందుకు ఆ తప్పు నిజంగా తనదేనని నమ్మిందా?