నోట్లో ఎర్రతాడు

ఉస్తాద్ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను నీటి స్కూటర్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. పళ్ల మధ్య ఎర్రతాడు ఉంది. ఫోన్ స్పీకర్ పెట్టి పక్కన నేలమీద పడేశాను. ఆయన కూతురు, "అన్నా, బాపు పోయిండన్నా" అంది. నేను "ఊఁ" అన్నాను. నాకు వినపడలేదనుకుని ఆమె మళ్లీ చెప్పింది. రెండోసారి కూడా నా నోట్లోంచి "ఊఁ" తప్ప ఏమీ రాలేదు. తాడు తీసి మాట్లాడాలని తట్టలేదు. కుడిచెయ్యి ఇంకా పంపు లోపలే ఉంది.

ఉస్తాద్ ఎవరో చెప్పాలి. ఆత్మకూర్‌లో ఏళ్ల తరబడి బోరు మోటర్లు బాగుచేసిన మనిషి. తెలంగాణ వచ్చిన కొత్తలో మా వైపు కృష్ణ ఒడ్డున బోటింగ్ పెట్టి, రెండు నీటి స్కూటర్లు తెచ్చారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు వాటినెక్కి జుయ్యిమని తిరిగేవారు. డిగ్రీ చదివి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక నేను అక్కడ టికెట్లు చింపే పనిలో చేరాను. నేను చేరిన నెలలోనే ఒక స్కూటర్ ఆగిపోయింది. బాగుచేసేవాళ్లు హైదరాబాద్ నుంచి రావాలన్నారు, ఎవరూ రాలేదు. ఎవరో ఉస్తాద్‌ను బైకు మీద ఎక్కించుకొచ్చారు. ఆయన బండిని పక్కకు ఒరిగించి, కింది జాలీలోకి తొంగి చూసి నవ్వాడు.

"దీనికింత బుగులెందుకు వయా? ఇది మోటరే. అది బోరుల నిలవడి నీళ్లు మీదికి కొడతది. ఇది పండుకొని ఎనకకు కొడతాంది. గంతే ఫరక్."

నిజంగానే అంతే. కింద జాలీలోంచి నీళ్లు గుంజుకుంటుంది, లోపల రెక్కల చక్రం తిరుగుతుంది, వెనక మూతిలోంచి నీళ్లు చిమ్ముతాయి, ఆ తోపుకు బండి ముందుకు పోతుంది. నీళ్లతోపాటు వచ్చే చెత్తతోనే దానికి చావు. తెగిన వలలు, గుర్రపుడెక్క వేర్లు, ఎండాకాలం నీళ్లు తగ్గితే గులకరాళ్లు. ఒకసారి చీర కొంగు కూడా వచ్చింది, ఎవరిదో ఏమో. రాయి పడితే రెక్కల అంచులు ఎలుక కొరికినట్లవుతాయి, వాటి చుట్టూ ఉండే రింగుకు గీతలు పడతాయి. అప్పుడు ఇంజన్ మొత్తుకుంటుంది గానీ బండి కదలదు.

ఉస్తాద్ ఆ రెక్కల చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఆకురాయితో ఒక్కో అంచూ రుద్దేవాడు. రెక్కకూ రింగుకూ మధ్య సందు కొలవడానికి ఆయన దగ్గర పెళ్లిపత్రిక ముక్క ఉండేది, మూలన పసుపు అంటినది. అది బిగుతుగా పోవాలి. వదులుగా పోయిందంటే రింగు మార్చాల్సిందే. "దగ్గర దగ్గర ఉండాలె, రాసుకోవద్దు" అనేవాడు. ఎవరు పెళ్లికి పిలిచినా ముందు పత్రికను రెండు వేళ్ల మధ్య పెట్టి మందం చూసేవాడు. సరిపోతే "మంచి సంబంధమే" అనేవాడు. ఆ పెళ్లికి పోవడం మాత్రం చాలాసార్లు మరిచిపోయేవాడు.

ఇక తాడు. స్కూటర్ నడిపేవాళ్లు చేతికి తగిలించుకునే ఎర్రటి చుట్టల తాడు అది. దాని కొసనున్న బిళ్ల మీట కింద దూరితేనే ఇంజన్ అంటుకుంటుంది. మనిషి నీళ్లలో పడితే బిళ్ల ఊడి ఇంజన్ ఆగిపోతుంది. పంపులో చెయ్యి పెట్టే ముందు ఉస్తాద్ ఆ తాడు పీకి పళ్ల మధ్య కరిచి పట్టుకునేవాడు. అప్పుడు ఏ తెలివైనవాడు వచ్చి మీట నొక్కినా రెక్కలు తిరగవు. జేబులో పెట్టుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"జేబుల ఉంటె ఉన్నదో లేదో యాదికుండది సారూ. నోట్లె ఉంటె యాదికుంటది."

దాంతో పని జరిగినంతసేపూ ఆయనకు మాట లేదు. అంతా మూలుగే. పొట్టిగా ఒక మూలుగంటే పాన ఇవ్వమని. రెండంటే టార్చి ఇటు పట్టమని. గొంతు పైకి సాగదీస్తే, ఎటు చూస్తున్నవ్ అని. టికెట్ల కిటికీ వదిలేసి ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాక ఏడాదిలో నాకు ఆ భాష వచ్చేసింది. నాకు ఇష్టమైన మూలుగు చివరిది. పొడుగ్గా ఒకటి, వెంటనే పొట్టిగా ఒకటి, గడ్డం ఒడ్డు వైపు తిప్పి. "ఊఁఁఁ, ఊఁ." అయిపోయింది, సామాను సర్దు, ఇంటికి పోదాం.

ఒకసారి ఇద్దరం నీళ్ల నడుమ చిక్కుకున్నాం. బాగుచేసిన బండి ఎట్లా పోతోందో చూద్దామని వెళితే, మునిగి చచ్చిన తుమ్మ మొద్దుల దగ్గర పాత వల జాలీలో దూరి పట్టేసింది. వల అటు కొస మొద్దుకు చుట్టుకుంది. ముందుకూ పోలేం, వెనక్కూ రాలేం. మిట్టమధ్యాహ్నం ఎండ. ఒడ్డు మీద మా చెప్పులు కూడా కనబడుతున్నాయి, ఫోన్లూ అక్కడే ఉన్నాయి. ఉస్తాద్ బావుల్లో ఈత నేర్చిన మనిషి. కత్తి తీసుకుని దిగుతూ తాడును నా నోట్లో పెట్టాడు, తన నోరు ఊపిరికి కావాలి కనుక. "నేను మీదికొచ్చేదాక నోరు తెరవకు" అన్నాడు.

ఆయన నీళ్లలో ఉండగా చేపల పడవ ఒకటి కాస్త దూరంగా పోయింది. నేను నోరు తెరవలేదు. తాడును ఇంకా గట్టిగా కరిచాను. పడవ పోయింది. ఉస్తాద్ పైకి తేలాక మూలుగుతూ అటు చూపించాను. ఆయన బండి అంచు పట్టుకుని పడవను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"డిగ్రీ సారూ, నోరు తెరవకంటి. చేతులు సుత లేవా నీకు?"

పొద్దుగూకే దాకా వల కోస్తూనే ఉన్నాడు, మధ్యమధ్యలో గుర్తొచ్చి నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అవసరమైనప్పుడు నోరు తెరవలేని మనిషినని ఆ రోజే నాకు తెలిసిపోయింది.

ఈ చలికాలం ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. మహబూబ్‌నగర్‌లో దవాఖానలో పెట్టారు. మూడోరోజు కూతురు నాకు ఫోన్ చేసింది. "బాపు ఏమో అంటాండన్నా. మాకెవ్వలకు సమజైతలేదు. నీకైతే ఎరుకైతది, జర రా."

వెళ్లాను. ముక్కూ నోరూ కప్పేసి మాస్కు బిగించారు. దాన్ని పీకేస్తున్నాడని చేతులు రెండూ మంచానికి కట్టారు. ఆ చేతులను అట్లా చూడలేకపోయాను. నన్ను చూడగానే ఆయన కళ్లు కదిలాయి. మాస్కు లోపల మూలిగాడు. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. గడ్డం తలుపు వైపు తిప్పబోయాడు.

"ఏమంటాండన్నా?" అంది కూతురు.

నాకు తెలుసు. పన్నెండేళ్లుగా రోజూ విన్న మూలుగు. చెబితే ఇంటికి తీసుకుపోతారు. తీసుకుపోతే బతకడు. ఇంకో రెండు దినాలు మాస్కు ఉంటే లేచి కూర్చుంటాడని ఆశపడ్డాను. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన లేకపోతే ఆ బండ్ల ముందు నేను ఒక్కణ్ణే అవుతానని భయపడ్డాను.

"నీళ్లడుగుతున్నడు చెల్లె" అన్నాను.

ఆమె నర్సు దగ్గరికి పరుగెత్తింది. నీళ్లు పోయకూడదన్నారు, తడిగుడ్డతో పెదవులు అద్దారు. ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు. మళ్లీ మూలగలేదు. రెండు దినాలకు అక్కడే పోయాడు.

మా దిక్కున బయట పోయిన మనిషిని ఇంటిలోపలికి తేరు. వాకిట్లో షామియానా వేసి ఉస్తాద్‌ను గడపకు పది అడుగుల దూరంలో పడుకోబెట్టారు. సొంత చేతులతో గోడలకు సిమెంటు గిలాబు చేసిన ఇల్లు అది. అక్కణ్ణుంచే తీసుకుపోయారు.

దినాలు అయిపోయాక కూడా కూతురు రోజూ సాయంత్రం ఆ జాగాలో చెంబెడు నీళ్లు పెడుతోందని విన్నాను. "బాపు దూపతోని పోయిండు" అని వచ్చిన వాళ్లకల్లా చెప్పి ఏడుస్తోందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం పోలేదు. మొన్న పని మధ్యలో వదిలేసి, తాడు జేబులో వేసుకుని వెళ్లాను. ఆమె అప్పుడే చెంబు నింపి తెస్తోంది.

"నీళ్లు కాదు చెల్లె. ఇంటికి పోదామన్నడు. నాకు సమజైంది. నేనే చెప్పలే."

ఆమె చెంబు కింద పెట్టలేదు, పైకెత్తలేదు.

"రెండు దినాలన్నా" అంది. "రెండు దినాలు ఇంట్ల ఉండేటోడు."

తిట్టినా బాగుండేది. ఆమె చెంబు గోడవార పెట్టి, నా ముందు కూర్చుంది.

"ఎట్లన్నడు? అను."

జేబులోంచి తాడు తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. అది లేకుండా నాకు ఆ మూలుగు రాదు. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. ఆమె కళ్లు మూసుకుని, "మల్ల అను" అంది. మళ్లీ అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. తాడు ఇచ్చాను. దాని నిండా పళ్ల గాట్లు, ఎక్కువ ఆయనవి, కొన్ని నావి. కొంగుతో నా ఎంగిలి తుడిచి, చెప్పులు విడిచి, గడప దాటి లోపలికి పోయింది. వాకిట్లో నుంచి చూస్తున్నాను. ఉస్తాద్ పనినుంచి రాగానే అంగీ తగిలించే మేకుకు ఆ ఎర్రతాడు తగిలించి, ఊగకుండా చేత్తో పట్టుకుని నిలబడింది.