కనుబొమ్మ మీద చుక్క

మా సారు పోయారు. బాపట్ల నుంచి వాళ్ళ కోడలు ఫోన్ చేసేసరికి నేను తెనాలిలో, నా కంటి ఆసుపత్రిలో, ఆయన పుస్తకం ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను. "మామయ్యగారు పొద్దున్నే వెళ్ళిపోయారండి డాక్టరమ్మా" అందామె. ఫోన్ పెట్టేసి లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన మా యూనివర్సిటీ కంటి వైద్య విభాగానికి చాలాకాలం పెద్ద. రిటైరయ్యాక ఆ విభాగం చరిత్ర రాయడానికి కూర్చున్నారు. రెండు గదులతో మొదలైన రోజులు, పరికరం బల్బు కాలిపోతే కొత్తది వచ్చేదాకా టార్చిలైటుతో కళ్ళు చూసిన రోజులు, అన్నీ రాశారు. పోయిన నెల నన్ను పిలిపించి ప్రూఫుల కట్ట చేతిలో పెట్టారు.

"ఎవరు చేసింది వాళ్ళ పేరు మీద ఉందో లేదో చూసి పంపమ్మా. ముసలాణ్ణి, మర్చిపోయి ఉంటాను."

ఆయన ఏదీ మర్చిపోయే మనిషి కాదు.

నేను చదువుకునే రోజుల్లో తెనాలిలో రైలు మారి రేపల్లె క్యాంపులకు వెళ్ళేవాళ్ళం. పరికరాల పెట్టె ఆయన ఒళ్ళోనే ఉండాలి. అందులో ఏంటని ఎవరన్నా అడిగితే "కత్తులండి" అనేవారు నెమ్మదిగా. వాళ్ళు కాస్త జరిగేవారు. ఆ ఖాళీలో నన్ను కూర్చోమనేవారు.

ఆపరేషన్ చేయాల్సిన కంటికి పైన, కనుబొమ్మ మీద, ఊదారంగు మందుతో చుక్క పెట్టడం విద్యార్థుల పని. ఒక క్యాంపులో అది నా వంతు. వరసగా పెట్టుకుంటూ పోయి, ఒక పెద్దావిడకు ఎదురుగా నిలబడి, నా కుడివైపున్నదే ఆమె కుడికన్ను అనుకున్నాను. ఆమెకు కుడికన్ను పూర్తిగా శుక్లం కమ్మేసింది. ఎడమదానికీ శుక్లం ఉన్నా, దాంతోనే ఎలాగో తిరుగుతోంది. సారు నా చుక్కను నమ్మి ఎడమకన్ను కోశారు. కట్టు కట్టాక ఆమె చుట్టూ తడుముకుని, "అయ్యా, ఉన్నది కూడా పోయిందేంటి?" అంది.

సారు పక్కన కూర్చున్నారు. "పొరపాటు జరిగిందమ్మా. నాదే. కట్టు విప్పితే ఇది కనపడుద్ది. రెండోది కూడా నేనే చేస్తాను."

అలాగే చేశారు. కట్టు విప్పేదాకా పూటపూటా అన్నం కలిపి ఆమె చేతికి ఆయనే ఇచ్చారు. తిరుగు రైల్లో నన్నడిగారు. "ఏమ్మా, ఏమన్నా చెప్పాలా?"

"లేదండి" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు.

ఆ తర్వాతి క్యాంపు నుంచి పద్ధతి మారింది. మంచం మీద పడుకున్న మనిషి తల వెనక కూర్చోవాలి. ఏ కన్నో వాళ్ళ వేలితోనే చూపించమనాలి. అప్పుడే చుక్క. "ఎదురుగా నిలబడితే మన కుడి వాళ్ళకి ఎడమ. పిల్లలకి కూడా తెలుసిది, డాక్టర్లే మర్చిపోతారు" అని ప్రతి బ్యాచికీ చెప్పేవారు. చెబుతూ ఒక్కసారి కూడా నావైపు చూడలేదు.

ప్రూఫులో ఇలా ఉంది: "ఈ పద్ధతి రేపల్లెలో నేను చేసిన పొరపాటుతో మొదలైంది."

అది చదివాక నాకు కుదురు లేదు. రెండుసార్లు బాపట్ల వెళ్ళాను. ఒకసారి టీ తాగి, అచ్చుతప్పుల గురించి మాట్లాడి వచ్చేశాను. ఇంకోసారి గేటు దాకా వెళ్ళి కారు తిప్పుకున్నాను. ఇంతమంది కళ్ళకు కత్తి పెట్టినదాన్ని, ఆ ఒక్క మాటకు భయపడ్డాను. రాస్తుంటే సిగ్గుగా ఉంది.

సమాధుల తోటలో గుప్పెడు మట్టి వేసినప్పుడు కూడా నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఆ వాక్యంలో "నేను" కొట్టేసి నా పేరు రాసి ప్రెస్సుకు పంపించాను. ప్రెస్సతను ఫోన్ చేశాడు. "పెద్దాయన రాసింది మార్చొచ్చంటారా మేడమ్?"

"ఆయనే చూడమన్నారండి."

మర్నాడు ఆపరేషన్లు. జంపని నుంచి వచ్చిన ఒక పెద్దాయన తల వెనక కూర్చుని ఏ కన్నో చూపించమన్నాను. ఎడమకంటి కింద వేలు పెట్టాడు. చుక్క పెట్టబోయి మళ్ళీ అడిగాను.

"ఇదేనమ్మా. రెండుసార్లు అడుగుతారేంటి?"

"ఒకసారి తప్పు పెట్టానండి. రేపల్లెలో."

ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. నేను చుక్క పెట్టాక, అది ఆరేదాకా కూడా, ఆ పెద్దాయన తన వేలు కంటి కింద నుంచి తీయలేదు.