పురిటికి వెళ్తే వలసా?

మా ఆవిడ పోయిన నెల కన్ను మూసింది. పొద్దున్న కాఫీ తాగి వరండాలో కూర్చుంది. కూర్చున్నట్టే వెళ్ళిపోయింది. బాధ పడలేదు. తెలిసినవాళ్ళందరికీ కబురు చేయలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను.

విజయనగరం నుంచి పెళ్ళయి వచ్చింది. నేను ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ప్లాంటు ఉద్యోగిని. రిసాలి క్వార్టర్లో మా కాపురం. ఎవరొచ్చినా ముందు ఏ ఊరని అడిగేది, తర్వాత మంచినీళ్ళిచ్చేది. మనిషిని గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడటం ఆమెకు గిట్టదు. ఎండాకాలం పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ బోరే బాసీ పంపితే, "మన సద్దన్నవేనండి, పేరే ఏరు" అని ఉల్లిపాయ నంజుకుని తినేది.

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడది శ్రీకాకుళం వైపు. భర్త లేడు. అప్పట్లో ఇద్దరు చిన్నపిల్లలతో మరోదా పేట పక్కన బస్తీలో ఉండేది. రోడ్డు వెడల్పు కోసం ఆ బస్తీ తీసేస్తామన్నారు. పాతవాళ్ళకు ప్రభుత్వం ఫ్లాట్లు ఇస్తుంది. బయటి రాష్ట్రాల నుంచి ఈమధ్య వచ్చినవాళ్ళకు ఇవ్వదు. ఆవిడ పాత రేషన్ కార్డు ఒక వానాకాలం ఇల్లు కారి పాడైంది. పిల్లల జనన పత్రాలు చూపించింది. ఇద్దరూ ఆంధ్రాలో పుట్టారు కాబట్టి వీళ్ళు ఆ తర్వాతే వచ్చారని సర్వే అబ్బాయి తేల్చేశాడు.

ఆవిడ మా ఇంటికి వచ్చి కూర్చుంది. "నానెప్పుడొచ్చినానో నీకు తెల్దా అమ్మా?" అంది.

మా ఆవిడ నావైపు తిరిగింది. "ఏటండీ, పురిటికి పుట్టింటికెల్తే వలసెల్లినట్టా?"

మర్నాడు మా అబ్బాయి జనన పత్రం పట్టుకుని బస్తీకి బయల్దేరింది. నేనూ వెంట వెళ్ళాను. సర్వే అబ్బాయిని ఆమె కసరలేదు. నేను ఇక్కడ డ్యూటీ చేస్తుండగా మావాడు విజయనగరంలో పుట్టాడని, మరి మేమూ నిన్ననే వచ్చినట్టా అని హిందీలో నెమ్మదిగా అడిగింది. చివర్న, "మీరెక్కడ పుట్టారు భయ్యా?" అంది.

అతను జనన పత్రం తిరిగి ఇచ్చాడు. "అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో. ఒడిశాలో," అన్నాడు.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. ఇరుగుపొరుగు సాక్ష్యం ఉంటే కాగితాలు పై ఆఫీసుకు పంపుతానన్నాడు. మా ఆవిడ సంతకం చేసి, దీదీ చేత కూడా చేయించింది. తర్వాత వానలు వెళ్ళేదాకా ఆఫీసు చుట్టూ తిరిగింది. ఒకరోజు ఇంటికి వచ్చి, "ఇయ్యాల కుర్చీ యేసేరండి, పనయ్యేలాగుంది" అని చెప్పింది. అయింది. ఫ్లాటు వచ్చింది. ఎవరైనా మెచ్చుకుంటే ఆమెది ఒకటే మాట: "ఉన్నోలని ఉన్నారని సెప్పేను. అంతే కదా."

ఆమె కర్మలకు ఇస్త్రీ ఆవిడ రాలేదు. ఇంట్లో పురుడు, మైల అని కబురు పంపింది. ఇక్కడికి దగ్గర్లోనే జాముల్‌లో కాపురం చేస్తున్న కూతురు పురిటికి పుట్టింటికి వచ్చిందట. ఆడపిల్ల.

నిన్న చూసి రావడానికి వెళ్ళాను. వాళ్ళ ఫ్లాట్ల కాలనీలో మేడలన్నీ ఒకేలా ఉంటాయి. అయినా ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మూడో అంతస్తు బాల్కనీలో తీగ మీద పొత్తిగుడ్డలు ఆరుతున్నాయి. సగం మా ఆవిడ నీలం నేతచీరవి. ముందే చింపి ఇచ్చినట్టుంది.