ఏకగ్రీవమని రాసిన చేయి

పత్తి మిల్లులు కట్టే ఆసాముల కన్ను ఆదోని దాటి ఎమ్మిగనూరు రోడ్డు మీద పడిన రోజులవి. యాభైల నడిమి కాలం. ఆ రోడ్డు పక్క ఊళ్లో నేను లెక్కల అయివారిని. ఊరి పేరు రాయను. ఆ ఊరికి నేను చేసింది మంచి పని కాదు.

అక్కడి పంచాయతీ బోర్డుకు గుమాస్తా లేడు. దస్తూరి బాగుందని తీర్మానాల పుస్తకం రాసే పని నాకు అంటగట్టారు. ప్రెసిడెంటుతో కలిపి సభ్యులు పదకొండు మంది. ఎవరు చేయెత్తారో, ఎవరు ఎత్తలేదో రాసి, చివర "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అనో, "మెజారిటీతో" అనో ముగించాలి. అంతటితో ఊరుకుంటే పోయేది. అనంతపురం కాలేజీలో స్టాటిస్టిక్సు నాలుగు ముక్కలు చదివిన పొగరు ఒకటి ఏడ్చింది కదా నాకు! ఒక డ్రాయింగు కాగితం మీద నిలువు పదకొండు, అడ్డం పదకొండు గళ్లు గీశాను. పాత తీర్మానాలన్నీ తిరగేసి, ఏ ఇద్దరు సభ్యులు ఎన్నిసార్లు ఒకే వైపు చేయెత్తారో ఆ ఇద్దరూ కలిసే గడిలో వేశాను. అంకె పెద్దదైతే ఇద్దరిదీ ఒకటే మాట. చిన్నదైతే ఎడమొహం పెడమొహం. బళ్లో తోటి అయివార్లకు చూపించి తెగ మురిసిపోయాను.

ఆ కాగితం సంగతి ఊరంతా పాకింది. ఒక పొద్దున క్రైస్తవ కూలీలుండే వాడ, గేరి నుంచి పెద్దాయన ఒకడు నన్ను వెతుక్కుంటూ బడికి వచ్చాడు. గేరి వాళ్ల సమాధుల తోట రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. అక్కడ మిల్లు కట్టాలని ఆదోని ఆసామి ఒకడు అడుగుతున్నాడు. అది పోరంబోకు జాగా అని బోర్డు తీర్మానం చేసి పైకి పంపితే తోట పోయినట్టే. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు పెద్దాయన భార్యనూ, పెళ్లీడు కూతురినీ అక్కడే ఒకే గుంతలో పూడ్చారు.

"మా కాడ పాత కాయితం ఒకటి ఉండాది అయివారూ. ఆ జాగా సమాదులకే ఇడిసినామని ఎప్పుడో ఒక తాసిల్దారు రాసిచ్చినాడు. మెంబరు ఎవురన్నా దాన్ని మీటింగులో పెడితే సాలంట. పెసిడెంటుకు ఎదురు సెప్పే మొగోడు ఎవురో మీ పట్టీలో తెలుస్తాదంట కదా. ఎవురి సేతికియ్యమంటారు?"

ప్రెసిడెంటు వరుస మీద వేలు జరుపుకుంటూ పోయాను. అన్నీ పెద్ద అంకెలే. ఒక్క గడిలో మాత్రం వాటిలో సగం కూడా లేదు. అది నూనె గానుగ నడిపే సభ్యుడిది.

"ఈయనకియ్యి పెద్దాయనా. ప్రెసిడెంటుతో కలిసేదే లేదు."

"ఆయప్ప మా గేరి దిక్కు ఎప్పుడూ సూసిందే లేదే," అన్నాడు పెద్దాయన.

"మనిషిని కాదు చూడాల్సింది, లెక్కను," అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా మాట నమ్మి కాగితం గానుగాయన చేతికిచ్చిన పెద్దాయన, మీటింగు రోజు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని వాకిలి దగ్గర నిలబడ్డాడు. తీర్మానం చదివారు. అందరికంటే ముందు లేచిన చేయి గానుగాయనదే.

ఉండబట్టలేక అన్నాను. "గేరి వాళ్ల కాగితం ఒకటి మీ దగ్గర ఉండాలి కదా."

"ఏం కాయితం? నాకెవురూ ఇయ్యలేదే!"

ప్రెసిడెంటు నా వైపు తిరిగాడు. "అయివారూ, మీరుండేది రాసేదానికి."

వాకిట్లో పెద్దాయన నన్నే చూస్తున్నాడు. నేను తల వంచుకుని రాశాను. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. పిరికివాణ్ణి. మంచి దస్తూరి గల పిరికివాణ్ణి.

ఇంటికొచ్చి పుస్తకం, పట్టీ పక్కపక్కన పరిచి చూశాను. సగానికి పైగా మీటింగుల్లో గానుగాయన పేరుకెదురుగా "గైర్హాజరు" అని ఉంది, నా దస్తూరితోనే. వచ్చిన రోజుల్లో ఒక్కసారి కూడా ప్రెసిడెంటుకు అడ్డం చెప్పలేదు. రాని మనిషిని ఎదురు తిరిగిన మనిషి కింద జమకట్టాను నేను. రాని రోజుల్లో ఎక్కడుండేవాడో తర్వాత తెలిసింది. ఆదోనిలో, గానుగకు పత్తివిత్తులు కొనడానికి, ఆ మిల్లు ఆసామి దగ్గరే. ఖాళీకీ సున్నాకీ తేడా ఏడాదంతా పిల్లలకు చెప్పే అయివారిని కదా నేను! పట్టీని పొయ్యిలో పెట్టాను. దాంతో ఎవరికి ఏం ఒరిగింది?

తోట ఖాళీ చేయడానికి వారం గడువిచ్చారు. పెద్దాయన కబురు పెడితే వెళ్లాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆయన గడ్డపారతో తవ్వుతూనే ఉన్నాడు. ఎండ నెత్తికెక్కేసరికి గుంతలోంచి ఎముకలు ఒక్కొక్కటే తీసి పక్కన పరిచిన దుప్పటి మీద పెట్టాడు. మట్టి దులిపి మరీ పెట్టాడు. తల్లివేవో బిడ్డవేవో తెలియకుండా కలిసిపోయాయి.

చివరికి చేతులు తుడుచుకుని నన్ను దగ్గరికి పిలిచాడు.

"నా కండ్లకు ఆనడం లేదు. ఈ లెక్కన్నా సరిగ్గా సూడండి అయివారూ. ఇద్దరుండల్ల."

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఇద్దరూ ఉన్నారు.