వెనక సీటు మీద పసుపు గీత

పాపకు నడక వచ్చినప్పటి నుంచి మా ముందుగదిలోని మగ్గం గుంత నన్ను నిద్రపోనివ్వలేదు. చేతి మగ్గం చూడనివాళ్ళకు చెప్పాలి: మగ్గం నేల మీద ఉంటుంది, నేసేవాడి కాళ్ళు నేలలో ఉంటాయి. కాళ్ళు దింపుకోవడానికి తవ్విన ఆ గుంతలో తొక్కుడు చెక్కలుంటాయి. పెద్దవాళ్ళకు తొడల లోతు. మా పాపకు తల మునిగే బావి. పైన పలక వేసి ఉంచేవాళ్ళం. ఒక మధ్యాహ్నం నేను కుక్కరు దించి వచ్చేసరికి పలక పక్కకు జరిగి ఉంది. పాప అంచు మీద బోర్లా పడుకుని, లోపల ఎవరినో పిలుస్తున్నట్టు "ఆ... ఆ..." అంటోంది. దాన్ని ఎత్తుకుని, పలకను కాలితో తోసి మూశాను.

ఆ సాయంత్రం మామయ్యను నిలదీశాను. ఆయన నాకు మేనమామ, నేను కట్టుకున్న బావకు తండ్రి. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న చనువు కాబట్టి కోడలినని వెనకాడను. తిరుత్తణిలో మా వీధిలో ఇప్పుడు అన్నీ కరెంటు మగ్గాలే. మామయ్య మగ్గం మీద గుడ్డ నేత పూర్తయి తెగి చాలా కాలమైంది.

"మామా, ఆ గుంత పూడ్చెయ్. బిడ్డ పడితే ఎవురు జవాబు చెప్పేది?"

"పూడుస్తాలేమ్మా. మన్ను తెప్పించొద్దా?"

"మన్ను నేను తెప్పిస్తా."

"అట్లనే కానీ," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నాకు అనుమానం తెప్పించింది.

మన్ను రాకముందే ఒక మనిషి వచ్చాడు. చెన్నై నుంచి, తెల్ల కారులో. తిరువళ్ళూరులో కార్లకు సీట్లు కుట్టే అతను మా ఇల్లు చెప్పి పంపాడట. ఈ మనిషిది తాతల నాడు నెల్లూరు నుంచి వలస వచ్చిన కుటుంబమట, మాట సగం తెలుగు, సగం తమిళం. ప్లాస్టిక్ కవరు విప్పి, అరచేయంత పాత గుడ్డముక్కను మందుబిళ్ళ తీసినంత జాగ్రత్తగా తీసి మామయ్య ముందు పెట్టాడు. నలుపు, తెలుపు పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నట్టున్న గళ్ళు.

"పెరియవరే," అన్నాడు, పెద్దాయనా అన్న తమిళ పిలుపుతో, "అచ్చం ఇదే మాదిరి కావాల. నా దగ్గర అమెరికా బండి ఒకటుంది, నాకంటే వయసులో పెద్దది. సీటు గుడ్డ చీకిపోయింది. ఎక్కడా దొరకలేదు."

మామయ్య ముక్కను వాకిలి వెలుతురుకు పట్టి, గోటితో ఒక పోగు లేపి చూశాడు. "కాకికాళ్ళు," అని అప్పటికప్పుడు దానికి పేరు పెట్టాడు. "నాలుగు తొక్కుళ్ళు కట్టాల. కట్టొచ్చు."

"ఒక్కటే మాట పెరియవరే. ఇది ఇక్కడ నేసినట్టు ఎవరికీ తెలియకూడదు. సరియా?"

"నాకెవురున్నారు చెప్పేదానికి? ఈ కాకులు తప్ప!" అని మామయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మనిషి పోతూ పోతూ మగ్గాన్ని, గదిని ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. ఫొటోలో పడకుండా పాపను కొంగు చాటుకు లాక్కున్నాను.

అతని కారు మలుపు తిరగగానే అడిగాను. "మామా, గుంత సంగతి?"

"ఈ ఒక్క గుడ్డ తెగనీమ్మా. ఆ మరుసటి దినమే పూడ్చేస్తా. కొండమీది సామి ఆన."

మా ఊరి కొండమీది సామి మీద ఒట్టు పెట్టాక ఇంకేమంటాను? కానీ నా మనసు ఆగలేదు. గుడ్డ నేయించుకునేవాడు నేసిన చోటు ఎందుకు దాచాలి? మా బావ శ్రీపెరుంబుదూరు వైపు ఒక కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. "డబ్బున్నోళ్ళ పిచ్చి అది, మే. నీకెందుకు?" అని దుప్పటి ముసుగు పెట్టాడు. నేను తిరుపతిలో డిగ్రీ చదివాను. తెలియనిదాన్ని తెలుసుకోకుండా వదలడం చేతకాదు. ఫోనులో వెతికితే ఆ గళ్ళు కనిపించాయి. పందొమ్మిది వందల అరవై, డెబ్బైల మధ్య అమెరికాలో చేసిన రెండు తలుపుల కార్లు. ముందు భాగం పడుకున్న దున్నపోతంత పొడవు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. మజిల్ కార్లు, అంటే కండల కార్లని వాటికి పేరు. వాటిని ప్రేమించేవాళ్ళు రాసుకున్న రాతలన్నిటా ఒకటే మాట: ఒరిజినల్. ఇంజను మీది నంబరూ బండి మీది నంబరూ ఒకే పుట్టుకవై ఉండాలి. స్క్రూ మారినా పరువు తక్కువ. అప్పుడర్థమైంది. ఈ మనిషి మా ఇంటి గుడ్డను అమెరికా గుడ్డ అని చెప్పుకోబోతున్నాడు. రేపు ఆ మోసం బయటపడితే ఫొటోలో ఉన్న ఇల్లు మాది. మామయ్యకు చెప్పాను. "గుడ్డకు గూడ పాస్‌పోర్టు కావాలంటనా?" అని కొట్టిపారేశాడు.

మామయ్య నేసినన్నాళ్ళూ పలక తీసే ఉంది. పాపను చంకనుంచి దించకుండా వంట చేశాను. మగ్గం చప్పుడు ఆగిన ప్రతిసారీ పరుగెత్తి చూశాను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి వరసలు పసుపులో ముంచిన నూలుతో నేస్తారు. అది సామి భాగం. గుడ్డ తెగాక ఆ ముక్కను కత్తిరించి కొండకు తీసుకెళ్ళి అక్కడ ముడివేసి వస్తారు. కాకికాళ్ళ గుడ్డకూ మామయ్య అలాగే చేశాడు. కానీ గుడ్డ తీసుకోవడానికి వచ్చిన మనిషి తొందరలో ఉన్నాడు. "కొస ముక్క మీరే కత్తిరించి పంపీండి," అని మామయ్య గుడ్డ చుట్ట మొత్తం ఇచ్చేశాడు. సరేనని తలూపాడు అతను. విన్నాడో లేదో.

మరుసటి దినం గుంత పూడలేదు. నేను తెప్పించిన మన్ను తడిగా ఉందన్నాడు మామయ్య. తరవాత నడుము నొప్పి అన్నాడు. చివరికి అసలు మాట బయటికి వచ్చింది. "బండిలో ఆ గుడ్డను ఒక్కతూరి చూడాల. చూసినాక నా చేత్తోనే పూడుస్తా." సీట్లు కుట్టే అతన్ని బావ ఫోనులో అడిగితే, వచ్చే ఆదివారం తిరువళ్ళూరు దాటాక ఒక కాలేజీ మైదానంలో పాత కార్ల ప్రదర్శన ఉందని, ఆ బండీ వస్తుందని తెలిసింది. బావకు ఆరోజు షిఫ్టు. మామయ్య, నేను, పాప లోకల్ ట్రైనులో బయలుదేరాం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

మైదానంలో షామియానాల కింద కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. గుడిలో చెప్పులు విడిచినట్టు జనం గొంతులు తగ్గించి మాట్లాడుతున్నారు. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒకాయన మట్టిలో వెల్లకిలా పడుకుని ఒక కారు అడుగుభాగం చూస్తున్నాడు. బయటికి వచ్చిన ఆయన ముఖం బిడ్డను చూసి వచ్చిన తండ్రి ముఖంలా ఉంది. గుడ్డ నేయించుకున్న మనిషి బండి నారింజ రంగుది, ముందు మూత మీద రెండు నల్ల పట్టీలు. స్టీరింగు ఎడమ పక్క. ఎవరో అడిగితే అతను లోపలికి వంగి ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు చెవికి కాదు, పొట్టకు వినిపించింది. పాప నా మెడ పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం కళ్ళు మూసుకుని విన్నారు. అందరినీ అనుమానించే నాకు ఆ ముఖాల్లో మాత్రం కపటం కనిపించలేదు.

మామయ్య బండి చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇంత బండికి ఎనక వాకిలే ల్యా. పెండ్లికూతురు యాట్లెక్కతాది?"

అప్పుడే ఆ మనిషి మమ్మల్ని చూశాడు. చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

నలుగురు తలుపులోంచి వంగి సీట్లు చూస్తున్నారు. వాళ్ళలో నెరిసిన గడ్డమాయన ఒకరు. పక్కన నిలిపిన నీలం బండి ఆయనదే. ఒక కుర్రాడు ఇంగ్లీషులో అరిచినంత పని చేశాడు. "ఇక్కడ చూడండి! వెనక సీటు అంచున పసుపు గీత!" మిగతావాళ్ళు ఎగబడ్డారు. కంపెనీవాళ్ళు పరీక్ష కోసం వేసిన గుర్తు అయ్యుంటుందని ఒకరు, ప్రత్యేకంగా చేసిన కొద్ది బండ్లకే అది వస్తుందని తాను చదివినట్టు ఇంకొకరు. గుడ్డ ఎక్కడ దొరికిందని గడ్డమాయన అడిగాడు.

"అమెరికాలో. పాత గోడౌనులో విప్పని రోలు," అన్నాడు బండి మనిషి, రెప్ప వేయకుండా.

మామయ్య నా మోచేయి పట్టుకున్నాడు. "ఏమంటా ఉండారమ్మా?"

నేను వెంటనే చెప్పలేదు. గుడ్డ అమెరికాదే అయితే మామయ్యను వెతుక్కుంటూ ఇంకెవరూ మా ఇంటికి రారు. వచ్చే పని లేకపోతే గుంత పూడుతుంది. ఆ అబద్ధం నాకూ పనికొచ్చేదే. "గుడ్డ బాగుందంటున్నారు మామా," అన్నాను.

సంతోషంగా ఆయన కూడా వంగి లోపలికి చూశాడు. వెంటనే ముఖం మారిపోయింది.

"అయ్యయ్యో! ఆ పసుపు సామిది గదా! కత్తిరించమంటే దాన్ని గూడ కుట్టేసినారే! దాని మీద కూచుంటారా?" నేరుగా బండి మనిషి దగ్గరికి పోయాడు. "అయ్యా, పాపం తగుల్తాది. ఆ అంచు తీపిచ్చీండి."

"యారు పెరియవరే మీరు? బండి తొడవద్దు, తళ్ళి నిల్లుంగ," అన్నాడు అతను, ఎన్నడూ చూడనివాడితో అన్నట్టు, బండి ముట్టుకోకుండా దూరం జరగమని. తరవాత మిగతావాళ్ళ వైపు తిరిగి నవ్వాడు. "ఎవరో ఊరి పెద్దాయన. పసుపు చూసి సామి అంటున్నాడు."

వాళ్ళూ నవ్వారు. మామయ్యకు కోపం రాలేదు. చేతులు జోడించాడు. "నేను అయ్యా, తిరుత్తణి, మగ్గమాయన," అని తనను తాను గుర్తు చేయబోయాడు. ఆ జోడించిన చేతులు నేను చూడలేకపోయాను.

గడ్డమాయన నా వైపు తిరిగి తమిళంలో, ఏమంటున్నారమ్మా అని అడిగాడు.

"ఈ గుడ్డ మా మామయ్య నేశాడు," అన్నాను. "తిరుత్తణిలో, మా ఇంటి ముందుగదిలో. ఆ పసుపు దేవుడి భాగం. దాని మీద ఎవరూ కూర్చోకూడదని అడుగుతున్నాడు."

కుర్రాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "అయితే ఒరిజినల్ కాదన్నమాట," అని వేరే బండి వైపు నడిచాడు. ఇంకో ఇద్దరు అతని వెనకే వెళ్ళారు. బండి మనిషి మెడ దాకా ఎర్రబడ్డాడు. గడ్డమాయన మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని, ఇందాకటి కంటే ఎక్కువసేపు గుడ్డనే చూశాడు.

"తంబీ, నాకు చెప్పుంటే నీకేం పోయేది?" అన్నాడు అతనితో. ఆ తరవాత మామయ్యతో, "పెరియవరే, నా బండికి నేస్తారా? దాచేదేం లేదు. అడిగినోళ్ళందరికీ మీ ఊరు చెప్తాను."

తమిళం మామయ్యకు ఇంటి భాషంత వచ్చు. ఈసారి నేను మధ్యలో ఉండాల్సిన అవసరం లేకపోయింది. ఆయన ముఖం వెలిగింది, మరుక్షణం నా వైపు, నా చంకలోని పాప వైపు తిరిగింది.

"పసుపు సంగతి ముందు తేలనీండి," అన్నాడు.

సీటు విప్పితే మొత్తం పాడవుతుందని బండి మనిషి గొణిగాడు. చివరికి వెనక సీట్లో ఎవరినీ కూర్చోబెట్టనని కొండ వైపు తిరిగి ఒట్టు పెట్టాడు. గడ్డమాయన నవ్వి, ఈ బండ్లలో వెనక సీట్లో మనిషన్నవాడు ఎలాగూ పట్టడన్నాడు. ఆ ఒట్టు అతను నిలబెట్టుకుంటాడని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

తిరుగు ట్రైను అరక్కోణం దాటాక పాపను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను.

"సామి ఆన పెట్టినా గదమ్మా. గుంత పూడుస్తా," అన్నాడు మామయ్య.

"ఆ గడ్డమాయన బండికి?"

"నేయను."

"నేయనంటే నీ ముఖం ఇట్లుంటాదా మామా?"

"గుంత ల్యాకుంటే కాళ్ళు యాడ పెట్టేది? గుంత ల్యాని ఎత్తు మగ్గం మీద నాకు కుదరదు." కిటికీ బయటికి చూస్తూ, "నా మీద నీకు నమ్మకమే ల్యా," అన్నాడు.

"నీ మీద ఉంది. గుంత మీదే లేదు," అన్నాను. "పెరట్లో కట్టెల కొట్టం ఉంది గదా. అక్కడ తవ్వుకో. ముందుగదిలోది పూడ్చినాకనే తవ్వాల."

ఆయన పాప కాళ్ళు ఒళ్ళోకి లాక్కుని ఒత్తసాగాడు. ఒప్పుకున్నట్టే.

మరునాడు మొదటి గంప మన్ను నేనే పోశాను. ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని. గుంత నిండాక సిమెంటు వేయించాం. ఆ తరవాతే కట్టెల కొట్టం ఖాళీ చేసి మామయ్య కొత్త గుంత తవ్వుకున్నాడు. నీలం బండికి గుడ్డ ఇప్పుడు అక్కడే సాగుతోంది. కొట్టానికి నేను తలుపు పెట్టించాను, బయట గడియ నాకు మునివేళ్ళ మీద లేస్తే అందేంత ఎత్తులో. మామయ్య నా కంటే పొట్టి. పొద్దున్నే కాఫీ తాగి తలుపు ముందు నిలబడి, "ఏమమ్మో, నీ బిడ్డకు గాదు, నాకు పెట్టినావా ఈ కాపలా? వచ్చి తియ్యి!" అని వీధికి వినపడేలా అరుస్తాడు. చేతిలో పని వదిలి వెళ్ళి తీస్తాను. ఆయన లోపలికి పోగానే, పాప ఎక్కడుందో చూసుకుని, మళ్ళీ వేసేస్తాను.