నా స్వీట్ పీ పూల కాపలా

ఆ రోజుల్లో జడ్చర్లలో బస్సు దిగినవాళ్లు ముక్కు పైకెత్తి, ఈ వాసన ఎక్కడిదని అడిగేవారు. అది మా పెరట్లో నేను పెంచిన స్వీట్ పీ పూల వాసన. తెలంగాణ వచ్చిన కొత్త అది. రాష్ట్రానికి ఏడాది, నా రిటైర్మెంటుకూ ఏడాది. కనుక దీన్ని నా పసితనపు ముచ్చటగానే లెక్కేసుకోండి. ఆఫీసులో ముప్పై ఏళ్లు కాగితాలు తిరగేసిన చేతులకు పని లేక, హైదరాబాదు పూల ప్రదర్శనలో ఒక విత్తనాల పొట్లం కొన్నాను. అది తీగ మొక్క, పందిరి కావాలి. పెరట్లో ఉన్న ఒకే ఒక్క పందిరి మా ఆవిడ చిక్కుడు పందిరి.

"కూరకొస్తదా గిది?" అంది.

"రాదు. గింజ తింటే కడుపు ఖరాబైతది. పూలు కోసి గ్లాసుల పెట్టుకుంటే ఇల్లంత వాసనొస్తది."

"గ్లాసుల పెట్టి చూసుకుంట కూసుంటమా? సరే, ఈ చలికాలం పందిరి తీస్కో. పూలు నిండుగ పూయకపోతే మాత్రం ఇగ పెరట్ల నీ పెత్తనం ఉండదు."

దసరా వెళ్లాక గింజలు ఒక రాత్రి నానబెట్టి వేశాను. సంక్రాంతి దాటేసరికి గులాబీ, ఊదా, తెలుపు పూలు సీతాకోకచిలుకల్లా వాలాయి. అప్పుడు బయటపడింది నా తెలివి. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది. (అర్జీలను చివరిదాకా చదవని అలవాటు నాది.) పైగా నేను రైతు కొడుకును. చిక్కుడు పువ్వు గానీ కంది పువ్వు గానీ తెంపితే మా బాపు వీపు చిట్లగొట్టేవాడు. పువ్వు పోతే కాయ పోయినట్టే కదా. ముందు విత్తనం కట్టనీ, గ్లాసుల సంగతి తర్వాత చూద్దామని, ఒక్క పువ్వూ ముట్టవద్దని హుకుం జారీ చేశాను. సందు వైపు పందిరికి మా ఆవిడ పాత చీర చుట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను. వంటింటి వైపుకు చీర చాలలేదు.

రోజూ పొద్దున నేను పాలప్యాకెట్టుకు వెళ్లివచ్చేలోగా వంటింటి వైపు పూలు మాయం. నా అనుమానమంతా పక్కింటి వాకింగు బావ మీదే. చేతిలో కవరుతో నడకకు వెళ్లి, ఊళ్లోవాళ్ల గోడల మీది పూలన్నీ దేవుడికి చేరవేసే మనిషి. చాయ్ హోటల్లో నలుగురి ముందే అడిగాను.

"బావా, గా కవర్ల ఏమున్నది?"

"మందారాలు. నీ బఠానీ పూలు మా దేవుడు అడగలే" అన్నాడు. మా మధ్య మాట ఆగిపోయింది.

విచిత్రమేమంటే, నేను చీర కట్టి కాపాడిన వైపు కాయలు కట్టి, పూత ఆగి, తీగ పసుపు పచ్చబడింది. దొంగలు పడిన వైపు ఎంత పోతే అంత పూసింది. అది నేను చల్లిన పుల్లమజ్జిగ మహిమేనని వీధంతా చెప్పుకున్నాను.

ఇంతలో బావ తల్లి అవ్వ మంచం పట్టిందని తెలిసి, మాట లేకపోయినా చూడటానికి వెళ్లాను. తల దగ్గర స్టీలు గ్లాసు నిండా నా స్వీట్ పీ పూలు.

"దొరికినవ్ బావా" అన్నాను.

చూపు ఆనని అవ్వ తల తిప్పింది. "ఎవరు దొరికిండ్రు బిడ్డా? నీ పెండ్లాం రోజూ కోసుకొచ్చి పెడ్తది. గీ వాసనొస్తేనే నాకు తెల్లారినట్టు."

బావ కవరు తెచ్చి నా ముందు విప్పి చూపించాడు. అన్నీ మందారాలే. వాళ్లు ఇచ్చిన చాయ్ మూతి కాలుతున్నా గబగబా తాగి, ఇంటికి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని పొట్లం వెనక చదివాను. పూలు కోస్తూ ఉంటేనే మళ్లీ పూస్తాయట. కాయ కట్టనిస్తే పూత ఆగిపోతుందట.

అవ్వ ఇప్పుడు లేదు. అయినా ప్రతి చలికాలం గింజలు వేస్తాను, పొద్దున్నే పూలు కోస్తాను, మొదటి గ్లాసు బావ ఇంటికే పంపుతాను. బస్సు దిగినవాళ్ల సంగతి కూడా ఒప్పుకుంటాను: అడిగింది ఒక్కడే, అదీ ఆటో స్టాండు ఎటని.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుళ్లు వలుస్తూనే అంది: "ఆ ఏడు నువ్వు పూలు పెంచినవా? నువ్వు కాపలా కాసిన దిక్కు ఎండింది, నేను దొంగతనం చేసిన దిక్కు పూసింది. గది రాయి."